కొండ దిగే బండికి వణుకెందుకు?

కొండ ఎక్కేటప్పుడు బండికి కష్టం ఎక్కువా, దిగేటప్పుడు ఎక్కువా? "ఇదేం ప్రశ్న? ఎక్కేటప్పుడే" అంటారు మీలో చాలామంది. ఇంజనును అడిగితే అదే జవాబు వస్తుంది. బ్రేకులను అడిగితే మాత్రం జవాబు మారిపోతుంది. ఎక్కేటప్పుడు వాటికి దాదాపు సెలవే. దిగేటప్పుడు బండి బరువంతా వాటి మీదే పడుతుంది. ఆ బరువు మోయలేనప్పుడు బ్రేకులు ఒక భాషలో మనతో మాట్లాడతాయి. ఆ భాష పేరు వణుకు. దాన్ని చదవడం ఎలాగో ఈ నెల తెలుసుకుందాం.

మా మరిపెడ చుట్టుపక్కల ఘాట్ రోడ్లు లేవు. మిర్చి బస్తాల లారీలు ఒకవైపు ఖమ్మం మార్కెట్టుకు, మరోవైపు వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు పోయే దారి చాలావరకు చదునుగానే ఉంటుంది. ఈ దారిలో ఏడాది పొడుగునా ఏ ఇబ్బందీ పెట్టని కారు, సెలవుల్లో కిరాయికి తిరుమల వెళ్లి దిగివచ్చేటప్పుడు వణకడం మొదలుపెడుతుంది. తిరిగివచ్చిన డ్రైవరు మెకానిక్కుతో చెప్పే మాట మీరూ వినే ఉంటారు: "ఈడ మంచిగనే ఉండె. గుట్ట దిగుతుంటే స్టీరింగు వణికింది."

ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. మరిపెడ మీదుగా పోయే 563వ నంబరు జాతీయ రహదారి ఖమ్మం నుంచి వరంగల్, కరీంనగర్‌ల మీదుగా జగిత్యాల చేరుతుంది. జగిత్యాలకు ముందు ఆ దారిలోనే కొండగట్టు వస్తుంది. 2018 సెప్టెంబరు 11న ఆ గుట్ట దిగుతున్న ఆర్టీసీ బస్సు అదుపు తప్పి లోయలో పడింది. అందులో వంద మందికి పైగా ప్రయాణికులున్నారు. అరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. అది తిరుమలంత ఎత్తయిన కొండ కాదు, చిన్న గుట్టే. వాలు మీద దిగే బండి విషయంలో భౌతికశాస్త్రం ఎంత నిక్కచ్చిగా ఉంటుందో తెలుసుకోవడం అందరికీ అవసరం.

ఎత్తు ఎక్కడికి పోయింది?

శక్తి నిత్యత్వ నియమం మీరు చదువుకున్నారు. శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుంది. తిరుమల కొండ మీద నిలిచివున్న కారులో స్థితిజ శక్తి ఉంటుంది. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి కారు ద్రవ్యరాశి 1,500 కిలోలు అనుకుందాం. గురుత్వ త్వరణాన్ని సులువు కోసం 10 అని తీసుకుందాం.

1,500 × 10 × 700 = 1,05,00,000 జౌళ్లు.

కోటీ ఐదు లక్షల జౌళ్లు! కారు కిందికి వచ్చి ఆగేసరికి ఈ శక్తి అంతా ఏమైంది? వేగంగా మిగల్లేదు, కారు ఆగే ఉంది కదా. అదంతా వేడిగా మారింది.

ఎంత వేడి? ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4,200 జౌళ్లు కావాలి. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవాలంటే కిలోకు 2,94,000 జౌళ్లు. పై సంఖ్యను దీనితో భాగించండి. దాదాపు 35 వస్తుంది. అంటే మీ ఇంట్లోని రెండు పెద్ద బిందెలకు పైగా నీటిని సలసల కాగించగల వేడి అన్నమాట.

ఇంకో పోలిక చూద్దాం. ఇదే కారు చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేసి ఆగితే వెలువడేది సుమారు 2 లక్షల 10 వేల జౌళ్లు. కొండ దిగడమంటే, మధ్యలో చల్లారే వ్యవధి పెద్దగా లేకుండా, అలాంటి బ్రేకులు యాభై సార్లు వేయడంతో సమానం. మరిపెడ రోడ్డు మీద కనబడని లోపం తిరుమలలో బయటపడటానికి కారణం ఇదే. లోపం అక్కడ పుట్టలేదు. అక్కడి వేడి దాన్ని బయటికి లాగింది.

ఈ శక్తిలో కొంత భాగం టైర్ల రాపిడికి, గాలి నిరోధానికి పోతుంది. మిగిలినదాన్ని ఇంజనూ బ్రేకులూ పంచుకోవాలి. డ్రైవరు ఇంజను వంతు తగ్గించినకొద్దీ బ్రేకుల వంతు పెరుగుతుంది.

చక్రం దగ్గర ఏం జరుగుతుంది?

నేటి కార్లలో ముందు చక్రాలకు సాధారణంగా డిస్కు బ్రేకులుంటాయి. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్లెమే డిస్కు. దానికి రెండువైపులా రెండు ప్యాడ్లు. పెడలు తొక్కగానే బ్రేకు ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్లు డిస్కును రెండువైపుల నుంచి పట్టుకుంటాయి. సైకిలు బ్రేకు కట్టలు రిమ్మును పట్టుకున్నట్టే.

చిన్న కార్లలో చాలావాటికి వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులుంటాయి. అక్కడ గుండ్రటి డబ్బా లోపలి నుంచి రెండు షూలు బయటికి తెరుచుకుని డ్రమ్మును ఒరుసుకుంటాయి.

ఇప్పుడు డిస్కు మందం అంతటా ఒకేలా లేదనుకోండి. ఒకచోట కాస్త మందం, ఒకచోట కాస్త పలచన. మందపు చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడల్లా వాటిని వెడల్పు చేస్తుంది. ఆ నెట్టుడు ఆయిల్ ద్వారా పెడలుకు చేరి పాదాన్ని తడుతుంది. అదే క్షణంలో బ్రేకు పట్టు పెరిగి చక్రం వెనక్కు గుంజినట్టవుతుంది. పలచని చోటు రాగానే పట్టు సడలుతుంది. పట్టు, సడలింపు, పట్టు, సడలింపు... ఇదే వణుకు.

ఈ తేడా ఎంత ఉంటే చేతికి తెలుస్తుంది? ఒక మిల్లీమీటరా, అరమిల్లీమీటరా? కాదు. 0.02 మిల్లీమీటరు చాలు. మన తల వెంట్రుక మందం కూడా ఇంతకంటే ఎక్కువే.

ఈ తేడా ఎలా వస్తుంది?

మెకానిక్కులు "డిస్కు బెండయింది" అంటారు. మాట వాడుకలో ఉన్నా, చాలాసార్లు జరిగేది వంగడం కాదు, అరుగుదలలో తేడా. డిస్కు కూర్చునే హబ్బు మీద తుప్పో మట్టో ఉండిపోయినా, వీలు నట్లను ఒకటి గట్టిగా ఒకటి వదులుగా బిగించినా డిస్కు రవ్వంత వాలుగా కూర్చుంటుంది. అప్పుడు బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టులోనూ ఒకే చోటు ప్యాడుకు తగులుతూ పోతుంది. వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ చోటు అరిగి పలచనవుతుంది. పంక్చరు వేయించిన రోజు జరిగిన అజాగ్రత్త ఆరు నెలల తరువాత ఘాట్ మీద కనబడవచ్చు!

రెండో కారణం: బాగా వేడెక్కిన డిస్కుతో బండి ఆపి, పెడలు మీద కాలు తీయకుండా కూర్చోవడం. ప్యాడులోని పదార్థం ఆ చోట డిస్కుకు అచ్చులా అంటుకుంటుంది. ఆ మచ్చ దగ్గర పట్టు వేరు, మిగతా చోట పట్టు వేరు.

ఇక వేడి చేసే మాయ చూడండి. పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కితే ప్రతి మిల్లీమీటరుకూ సుమారు 0.000011 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. డిస్కు మందం 20 మిల్లీమీటర్లు అనుకోండి. అందులో ఒక భాగం పక్క భాగం కన్నా 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే?

20 × 0.000011 × 100 = 0.022 మిల్లీమీటరు.

చూశారా! చల్లగా ఉన్నప్పుడు సమంగా ఉన్న డిస్కు కూడా వేడిలో హెచ్చుతగ్గుల వల్లనే వణుకు పుట్టించగలదు. పైగా ఉబ్బిన చోటు ప్యాడుకు గట్టిగా తగులుతుంది. గట్టిగా తగిలితే ఇంకా వేడెక్కుతుంది. ఇంకా వేడెక్కితే ఇంకా ఉబ్బుతుంది. ఈ విషవలయాన్ని 1969లో జె.ఆర్. బార్బర్ అనే శాస్త్రవేత్త శాస్త్రీయంగా వివరించాడు. ఒరుసుకునే రెండు వస్తువుల వేగం ఒక హద్దు దాటితే వేడి అంతటా సమంగా పరుచుకోకుండా కొన్ని మచ్చల్లో పోగుపడుతుంది. అలా బాగా కాగిన డిస్కుల మీద నీలిరంగు మచ్చలు కనబడటం మెకానిక్కులకు తెలిసిన సంగతే.

నాలుగు ప్రశ్నలు, ఒక నిర్ణయం

డాక్టరు నాడి చూసి, నాలుగు ప్రశ్నలడిగి రోగం పోలుస్తాడు. బండి రోగాన్నీ అలాగే పోల్చవచ్చు. ప్రశ్నలు వరుసలో అడగడమే కిటుకు.

మొదటిది: బ్రేకు వేసినప్పుడే వణుకుతోందా, వేయకపోయినా వణుకుతోందా? వేయకపోయినా వణికితే తప్పు బ్రేకుది కాకపోవచ్చు. చక్రాల బ్యాలెన్సింగు, టైరు ఉబ్బు, వీల్ బేరింగు చూడాలి. బ్రేకు వేసినప్పుడే అయితే రెండో ప్రశ్నకు పోదాం.

రెండవది: వణుకు ఎక్కడ తెలుస్తోంది? స్టీరింగు వణికితే ముందు చక్రాలను అనుమానించాలి. స్టీరింగు నిలకడగా ఉండి సీటు, కాలికింది నేల అదిరితే వెనుక చక్రాలను. పెడలు పాదాన్ని తడుతూ ఉంటే డిస్కు మందంలో తేడా గానీ, డ్రమ్ము గుండ్రదనం చెడి కోలగా మారడం గానీ కారణం.

మూడవది: వణుకు లయ ఏమిటి? కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. పదిని 1.8తో భాగించండి. చక్రం సెకనుకు ఐదారు చుట్లు తిరుగుతోంది. డిస్కులో ఒక మందపు చోటుంటే పెడలు కూడా సెకనుకు ఐదారు సార్లే తడుతుంది. వేగం సగమైతే తట్టుళ్లూ సగమవుతాయి. వణుకు బండి వేగంతో పాటు తగ్గుతూ వస్తే దాని మూలం తిరిగే భాగంలోనే ఉన్నట్టు. వేగం పెరిగేటప్పుడు ఏదో ఒక దగ్గర వణుకు ఒక్కసారిగా ఎక్కువ కావడం కూడా గమనించవచ్చు. ఆ వేగం దగ్గర తట్టుళ్ల పౌనఃపున్యం స్టీరింగు, చక్రాల అమరిక సహజ పౌనఃపున్యంతో కలుస్తుంది. మీరు శృతిదండాలతో చేసిన అనునాదం ప్రయోగమే ఇది.

నాలుగవది: ఇది నిజంగా రోగమేనా? ఏబీఎస్ ఉన్న బండిలో జారుడు రోడ్డు మీద గట్టిగా తొక్కితే పెడలు టకటకమని కొట్టుకుంటుంది. చక్రం పట్టేసి జారిపోకుండా ఆ యంత్రం ఒత్తిడిని సెకనుకు అనేకసార్లు వదిలి పడుతుంది. అది లోపం కాదు, రక్షణ. అప్పుడు కాలు తీయకూడదు.

వెనుక చక్రాల సంగతి తేల్చుకోవడానికి అనుభవం ఉన్న మెకానిక్కు ఒక పరీక్ష చేస్తాడు. ఖాళీ చదును రోడ్డు మీద నెమ్మదిగా పోతూ, హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగుతాడు. మామూలు కార్లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. అప్పుడూ అదురు వస్తే తప్పు వెనుక ఉన్నట్టే. ఈ పరీక్ష మీరు చేయవద్దు, ఘాట్ మీద ఎవరూ చేయకూడదు.

ఇంకో ఆనవాలు వేడి. దిగివచ్చాక మూడు చక్రాలు ఒకలా ఉండి ఒకటే మరీ కాగి ఉంటే, ఆ చక్రం కాలిపరు పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయి ప్యాడు వదలడం లేదన్నమాట. చేత్తో ముట్టి చూడకండి, బొబ్బలెక్కుతాయి. 2020లో కరోనా రోజుల్లో నుదుటికి దూరంగా పట్టి జ్వరం చూసిన పరికరం గుర్తుందా? అలాంటిదే, ఎక్కువ వేడి కొలవగలిగేది, ఇప్పుడు కొన్ని గ్యారేజీల్లో ఉంటోంది.

స్క్రూ గేజి గ్యారేజీకి పోతే

అనుమానాన్ని నిజం చేసేది కొలత. మీ బడి ప్రయోగశాలలో స్క్రూ గేజి ఉంటుంది. దాని కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. తీగ మందం, గాజు పలక మందం కొలిచి, ఇదెందుకో అని పక్కన పెట్టివుంటారు. సరిగ్గా ఆ పరికరమే, కాస్త పెద్ద సైజులో, గ్యారేజీలో కావాలి. డిస్కు అంచుకు ఒకే దూరంలో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలుస్తారు. అన్నిటికన్నా ఎక్కువదానికీ తక్కువదానికీ తేడా 0.02 దగ్గరికి వస్తే దొంగ దొరికినట్టే.

డిస్కు వాలును కొలిచేందుకు డయల్ గేజి వాడతారు. దాని మొనను డిస్కుకు ఆనించి చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు ఎంతవరకు ఉండవచ్చో బండి తయారుచేసినవారు తమ పుస్తకంలో ఇస్తారు.

కొలత తరువాతే చికిత్స. హబ్బు మీద తుప్పుంటే శుభ్రం చేసి, నట్లను ఎదురెదురుగా, సమంగా బిగిస్తే చాలవచ్చు. పిన్ను బిగిస్తే దాన్ని వదులు చేయాలి. డిస్కులో మందం ఉంటే లేతు మీద చెక్కవచ్చు. కానీ ఒక హద్దు ఉంది. డిస్కు కనీస మందం ఎంత ఉండాలో చాలావాటి మీదే అచ్చువేసి ఉంటుంది. అంతకన్నా పలచనైతే మార్చాల్సిందే. పలచని డిస్కు తొందరగా వేడెక్కుతుంది. కొలవకుండా డిస్కు మార్చి, హబ్బు మీది తుప్పును అలాగే వదిలేస్తే కొన్ని నెలలకు వణుకు మళ్లీ వస్తుంది. డబ్బు పోతుంది, రోగం పోదు.

చేసి చూడండి

సైకిలును తలకిందులుగా నిలబెట్టండి. ముందు చక్రం పక్కన ఒక స్టూలు పెట్టి, దాని మీద సుద్దముక్కను కదలకుండా ఆనించి, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో ఉంచండి. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. రిమ్ము నిటారుగా ఉంటే సుద్ద ఎక్కడా అంటదు, లేదా చుట్టూ సమంగా అంటుతుంది. వంకర ఉంటే ఒక్కచోటే గీత పడుతుంది. మీరు చేసినది డయల్ గేజి పనే! ఇప్పుడు బ్రేకును కొద్దిగా నొక్కిపట్టి తిప్పండి. గీత పడిన చోటు వచ్చినప్పుడల్లా బ్రేకు పిడి మీద వేళ్లకు ఏం తెలుస్తోందో నోటుబుక్కులో రాసుకోండి. ఆకుల మధ్యకు మాత్రం వేళ్లు పోనివ్వకండి.

వణుకును మించిన ప్రమాదం

వణుకు హెచ్చరిక మాత్రమే. దాన్ని పట్టించుకోకుండా బ్రేకు మీద కాలు వేసి అలాగే దిగితే రెండు ప్రమాదాలు కాచుకుని ఉంటాయి. మొదటిది, ప్యాడ్లు మితిమీరి కాగి పట్టు కోల్పోవడం. కమురు వాసన దానికి గుర్తు. డ్రమ్ము బ్రేకులైతే వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, పెడలు ఎక్కువ లోతుకు పోతుంది.

రెండవది ఇంకా పెద్దది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. బరువులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. తొక్కిన బలమంతా బుడగలను నలపడానికే సరిపోతుంది. పెడలు దూదిలా మెత్తగా పోతుంది, బండి ఆగదు. ఆయిల్ కనబడుతోంది కదా అని ఏళ్ల తరబడి మార్చకపోవడం ఎంత తప్పో చూడండి.

దిగేటప్పుడు ఏం చేయాలి?

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండవది 1974లో వచ్చాక, పాతదాన్ని దిగడానికీ కొత్తదాన్ని ఎక్కడానికీ వాడుతున్నారు. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు, 36 మలుపులు. అతివేగాన్ని అరికట్టడానికి అక్కడ ఒక నియమం పెట్టారు. దిగే వాహనం కనీసం 40 నిమిషాలు తీసుకోవాలి. డ్రైవర్లు విసుక్కునే ఈ నియమాన్ని భౌతికశాస్త్రం కళ్లతో చూడండి. కోటీ ఐదు లక్షల జౌళ్లను 40 నిమిషాలతో, అంటే 2,400 సెకన్లతో భాగిస్తే సుమారు 4,400 వాట్లు. ఇంట్లో వాడే 2,000 వాట్ల హీటర్లు రెండింటి కంటే కొంచెం ఎక్కువ. అదే 20 నిమిషాల్లో దిగితే? ఎత్తు అదే, శక్తి అదే, సామర్థ్యం మాత్రం రెట్టింపు. వేడిని గాలికి వదులుకునే వ్యవధి సగమైపోతుంది.

రెండవ సూత్రం గేరు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు. తక్కువ గేరులో ఇంజనే బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది. ఆ వేడి ఇంజను నుంచి రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దింపేవారున్నారు. నేటి ఇంజన్లలో ఆ మాట కూడా నిజం కాదు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంజనుకు ఇంధనం ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఇంజను తిరుగుతూ ఉండటానికి ఇంధనం కావాలి.

మూడవది, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా వేసి వేగం తగ్గాక పూర్తిగా వదలాలి. వదిలిన కాసేపే డిస్కుకు గాలి తగిలే సమయం. నాలుగవది, వాసన వచ్చినా, పెడలు మెత్తబడినా సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి. ఆపాక గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, పెడలు మీంచి కాలు తీయాలి. కదిలేటప్పుడు రాయిని దారిలో వదిలిపోకూడదు. కాగిన డిస్కు మీద నీళ్లు కుమ్మరించకూడదు. వేడి గాజు గ్లాసులో చల్లటి నీళ్లు పోస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా!

మీరింకా బండి నడిపే వయసులో లేరు. కానీ బండిలో కూర్చుంటారు. కొండ మీద బయలుదేరేముందు "అన్నా, బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారు? వచ్చేటప్పుడు స్టీరింగు వణికిందా?" అని అడగడానికి లైసెన్సు అక్కర్లేదు.

ఇక మీకొక లెక్క. ప్రయాణికులతో కలిపి 15 టన్నులున్న బస్సు అదే 700 మీటర్లు దిగితే ఎన్ని లీటర్ల నీరు కాగుతుంది? జవాబు మూడువందల యాభైకి మించి రావాలి. వచ్చాక, ఆ బస్సులో ఇంకో 50 మంది ఎక్కితే ఎంతవుతుందో కూడా కట్టండి. మనిషికి 60 కిలోలు వేసుకోండి.